ఖోండలైట్ బండను చదవడం ఎలా? విరూపణనూ రూపాంతరాన్నీ ఒకే పట్టికలోకి తెచ్చే ఫీల్డ్ పద్ధతి

విశాఖపట్నం చుట్టుపక్కల తూర్పు కనుమల్లో ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లే విద్యార్థులు, రాళ్ల మీద ఇష్టంతో సొంతంగా తిరిగేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటే. "బండ నిండా మడతలున్నాయి, గార్నెట్లున్నాయి, తెల్ల చారలున్నాయి. ముందు దేన్ని పట్టుకోవాలి?"

ప్రీకాంబ్రియన్ (భూచరిత్రలో అతి పాత కాలపు) రాళ్లు ఒక్కసారి నలిగి ఆగినవి కావు. మడత పడ్డాయి, వేడెక్కాయి, కొంత కరిగాయి, మళ్లీ మడత పడ్డాయి, తర్వాత ఎక్కడో ఒక పట్టీ వెంట కోసుకుపోయాయి. ఇందులో విరూపణను (రాయి మడత పడటం, కోసుకుపోవడం) ఒక చోట, రూపాంతరాన్ని (వేడికీ ఒత్తిడికీ ఖనిజాలు మారడం) మరో చోట రాసుకుంటే చివరికి రెండూ కలవవు. అందుకే కింద చెప్పిన ప్రతి అడుగూ ఒక్క ప్రశ్న వైపే నడుస్తుంది: ఏ ఖనిజం, ఏ ఫోలియేషన్‌తో పాటు పెరిగింది? ఫోలియేషన్ అంటే ఖనిజాలు ఒకే దిశలో పరచుకోవడం వల్ల రాయిలో కనిపించే తలం. ఈ జవాబును బండ దగ్గర ఉన్నప్పుడే రాసుకోవాలి. ఇంటికొచ్చాక జ్ఞాపకం నుంచి రాసేది కాదిది.

స్ట్రైక్, డిప్ అంటే ఏమిటో మీకు తెలుసని అనుకుంటున్నాను. మిగతావన్నీ వచ్చినచోట చెబుతాను.

## 1. బయలుదేరే ముందు

మ్యాపులు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వారి భూకోశ్ పోర్టల్‌లో 1:50,000 స్కేలు భూవిజ్ఞాన పటాలు దొరుకుతాయి. అదే స్కేలులో సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్ కూడా తీసుకోండి. రెండింటినీ క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఒకదానిపై ఒకటి పెట్టి, వాటి మీద ఉపగ్రహ చిత్రం వేయండి.

తూర్పు కనుమల్లో కొండ వరసలు ఎక్కువగా ఈశాన్యం నుంచి నైరుతికి సాగుతాయి. చాలాచోట్ల అది రాతి పొరల దిశే. ఈ గీత ఎక్కడ వంగుతుందో, ఎక్కడ ఉన్నట్టుండి తెగిపోతుందో ఉపగ్రహ చిత్రం మీద గుర్తు పెట్టండి. వంగినచోట పెద్ద మడత ఉండొచ్చు, తెగినచోట షియర్ జోనో (రాయి సాగి, నలిగి జారిన పట్టీ) భ్రంశమో (రాయి విరిగి జారిన తలం) ఉండొచ్చు. మొదటిరోజు వెళ్లాల్సింది అలాంటి చోట్లకే.

కాలం. చలికాలం మంచిది. వానలు ముగిసిన వెంటనే వెళ్తే గడ్డి, పొదలు బండల్ని కప్పేసి ఉంటాయి. సముద్రపు ఒడ్డు బండలకైతే ఆటుపోట్ల సమయాలు చూసుకుని, నీరు తగ్గుతున్నప్పుడు దిగండి. పాచి పట్టిన బండ మీద కాలు జారితే కంపాస్‌తో పాటు మోకాలూ పోతుంది.

అనుమతులు. క్వారీకి యజమాని అనుమతి, రిజర్వు అడవికి అటవీ శాఖ అనుమతి ఉండాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నౌకాదళం పరిధి ఉంది, అడగకుండా వెళ్లకండి. తొట్లకొండ, బొజ్జన్నకొండ లాంటి బౌద్ధ స్థలాల్లో, బొర్రా గుహల్లో, సింహాచలం ఆలయ పరిసరాల్లో సుత్తి సంచిలోంచి బయటికే రాకూడదు. చూడండి, కొలవండి, ఫొటో తీయండి, అంతే.

బ్యాగులో ఉండాల్సినవి:

- క్లైనోమీటర్ కంపాస్, బ్రంటన్ రకమైతే మేలు
- 10 రెట్లు పెద్దదిగా చూపే హ్యాండ్ లెన్స్
- జియాలజీ సుత్తి, కళ్లకు రక్షణ అద్దాలు
- డ్రాపర్ సీసాలో 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం
- దారానికి కట్టిన చిన్న అయస్కాంతం
- నీళ్లు చిమ్మే స్ప్రే సీసా (దీన్ని చాలామంది తీసుకెళ్లరు. తడిసిన బండ మీద మడతలు స్పష్టంగా కనిపిస్తాయి)
- పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్, పర్మనెంట్ మార్కర్
- పెన్సిళ్లు, స్కేలు, గట్టి అట్ట ఉన్న నోట్‌బుక్
- మందపాటి నమూనా సంచులు
- జీపీఎస్ లేదా ఫోన్, తాగునీరు, టోపీ

## 2. ఏ బండ దగ్గర ఆగాలి

ఖోండలైట్ అంటే బంకమట్టి అవక్షేపం బాగా వేడెక్కి మారిన, గార్నెట్లున్న రాయి. దీంతో వచ్చే పెద్ద ఇబ్బంది శైథిల్యం, అంటే ఎండావానలకు రాయి కుళ్లడం. ఇందులోని ఫెల్డ్‌స్పార్ తెల్లటి మట్టిగా మారుతుంది, గార్నెట్ తుప్పు రంగు మచ్చగా మిగులుతుంది. పైపైన చూస్తే గుల్లబారిన ఇసుకరాయిలాగో లాటరైట్‌లాగో ఉంటుంది. ఇలాంటి బండ మీద ఫోలియేషన్ కొలవొచ్చు గానీ ఖనిజాల గురించి ఏమీ రాయకండి.

తాజా రాయి మూడుచోట్ల దొరుకుతుంది: పని జరుగుతున్న క్వారీల్లో, కొత్తగా కోసిన ఘాట్ రోడ్డు అంచుల్లో, అలలు కడిగే ఒడ్డు బండల్లో. మడతలు చూడాలంటే నా ఓటు ఒడ్డు బండలకే. విశాఖ నుంచి భీమిలి వైపు తీరంలో అలలు నునుపు చేసిన బండలు ఉన్నాయి. అక్కడ ఒక మడతను వెడల్పుగా, ఒకే చూపులో చూడొచ్చు. క్వారీలో రాయి తాజాగా ఉంటుంది కానీ గోడలు నిలువుగా, పేలుళ్ల పగుళ్లతో ఉంటాయి.

ఆగాక మొదటి పరీక్ష: ఇది ఉన్నచోటే పుట్టిన బండేనా, కొండ మీంచి దొర్లి వచ్చిందా? చుట్టూ ఉన్న మూడు నాలుగు బండల్లో ఫోలియేషన్ దాదాపు ఒకే దిశలో ఉంటే సరే. ఒక్కటి మాత్రం అడ్డంగా తిరిగి ఉంటే దాన్ని వదిలేయండి.

ఇంకా చేయి తిరగనివాళ్లకు. నేరుగా విశాఖ ఖోండలైట్‌తో మొదలుపెట్టకండి. వీలుంటే ముందు మార్కాపురం పలకరాయి చూడండి. కడప బేసిన్ తూర్పు భాగంలోని నల్లమల మడతల పట్టీలోది అది. తక్కువ వేడిలో మారిన రాయి కాబట్టి అసలు అవక్షేప పొర వేరుగా, దాన్ని కోస్తూ పోయే పలక చీలిక వేరుగా కంటికి కనిపిస్తాయి. తర్వాత నెల్లూరు షిస్ట్ పట్టీకి వెళ్తే మైకా షిస్ట్‌లో గార్నెట్, స్టారోలైట్, కయనైట్ లాంటి పెద్ద ఖనిజాలు చుట్టూ ఉన్న ఫోలియేషన్‌తో ఎలా ఇమిడాయో తెలుస్తుంది. ఆ రెండూ చూసిన కంటికి ఖోండలైట్ భయపెట్టదు.

## 3. సుత్తి తీయకముందు

బండ చుట్టూ ఒకసారి నడవండి. నీళ్లు చిమ్మండి. దూరంగా నిలబడి మొత్తం బండ బొమ్మ గీయండి. ఫొటో సరిపోదు. గీసేటప్పుడు ఏ గీత దేన్ని కోసిందో చేయి అడుగుతుంది, కెమెరా అడగదు.

బొమ్మలో ఉత్తరం గుర్తు, స్కేలు, చూస్తున్న దిశ తప్పనిసరి. తర్వాత ఈ నాలుగింటికీ జవాబు రాయండి:

- ఎన్ని రకాల రాళ్లు ఉన్నాయి, వాటి మధ్య హద్దులు ఎలా ఉన్నాయి?
- అన్నిటికంటే స్ఫుటంగా కనిపించే తలం ఏది?
- ఆ తలాన్ని ఏది కోసుకుపోతోంది?
- ఆ తలం లోపల ఇరుక్కున్న పాత ముక్కలు ఏమైనా ఉన్నాయా?

మూడో ప్రశ్న కొత్తవాటిని చూపిస్తుంది, నాలుగోది పాతవాటిని. మధ్యలో ఉన్న స్ఫుటమైన తలమే మీకు ఆధారం. మిగతా అన్నిటినీ దాని కంటే ముందువా, తర్వాతివా అని దాంతోనే పోల్చాలి.

## 4. రాయి ఏ కుటుంబానిదో తేల్చండి

ఒకే వేడి, ఒకే ఒత్తిడి అన్ని రాళ్లకూ తగిలినా అన్నిటిలో ఒకే ఖనిజాలు పుట్టవు. అందుకే ఖనిజాల జాబితా కంటే ముందు కుటుంబం తెలియాలి.

ఖోండలైట్: మొదట బంకమట్టి ఎక్కువగా ఉన్న అవక్షేపం. క్వార్ట్జ్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, ఎర్రటి గార్నెట్, సూదుల్లాంటి సిల్లిమనైట్, తరచూ మెరిసే గ్రాఫైట్ పొరలు. గ్రాఫైట్ వేలికి నల్లగా అంటుతుంది, మైకా అంటదు.

లెప్టినైట్: లేత రంగు క్వార్ట్జ్–ఫెల్డ్‌స్పార్ రాయి, మధ్యలో గార్నెట్ గింజలు.

చార్నొకైట్: పగలగొట్టిన ముఖం నూనె రాసినట్టు జిడ్డుగా, నీలి–ఆకుపచ్చ ఛాయతో ఉంటుంది. ముఖ్య గుర్తు ఆర్థోపైరాక్సీన్ అనే ముదురు రంగు ఖనిజం. శైథిల్యం చెందిన పైపొర గోధుమ రంగుకు తిరుగుతుంది కాబట్టి పగలగొట్టకుండా పేరు పెట్టకండి.

మాఫిక్ గ్రాన్యులైట్: ఇనుము, మెగ్నీషియం ఎక్కువున్న నల్లటి రాయి, రెండు రకాల పైరాక్సీన్లు, ప్లాజియోక్లేజ్ (ఒక రకం ఫెల్డ్‌స్పార్), ఒక్కోసారి గార్నెట్. సాగి తెగిన ముక్కలుగా ఖోండలైట్‌లోనో చార్నొకైట్‌లోనో కనిపిస్తుంది.

కాల్క్ గ్రాన్యులైట్, పాలరాయి: సున్నపు అవక్షేపం నుంచి వచ్చినవి. ఆమ్లం చుక్క వేస్తే కాల్సైట్ ఉన్నచోట బుస్సుమని పొంగుతుంది. బొర్రా గుహలు ఏర్పడింది ఈ జాతి సున్నపురాతిలోనే.

పక్కపక్కనే ఖోండలైట్, మాఫిక్ గ్రాన్యులైట్ రెండూ ఉన్న బండ దొరికితే అక్కడ ఎక్కువసేపు ఉండండి. ఒకే సంఘటనను రెండు రాళ్లు రెండు రకాలుగా నమోదు చేసి ఉంటాయి.

## 5. కొలతలు

ప్రతి కొలతకూ దాని రకం ముందు రాయాలి: ఇది రంగు చారలా, మైకా లేదా సిల్లిమనైట్ పరచుకున్న తలమా, మడత అక్షతలమా (మడతను రెండు సగాలుగా విడదీసే తలం), పగులా? రకం రాయని అంకె తర్వాత ఎందుకూ పనికిరాదు.

రాసే తీరు ఒక్కటే పెట్టుకోండి. నేను డిప్ దిశ మూడంకెల్లో, డిప్ రెండంకెల్లో రాయమంటాను: 135/62 అంటే ఆగ్నేయం వైపు 62 డిగ్రీల వాలు.

ఫోలియేషన్ తలం మీద సిల్లిమనైట్ సూదులో, సాగిన క్వార్ట్జో ఒక దిశలో పరచుకుని ఉంటే అది లీనియేషన్. దాని వంపు (నేలమట్టం నుంచి ఎన్ని డిగ్రీలు వాలిందో), దిశ రెండూ కొలవాలి. లీనియేషన్ ఆ తలం మీదే ఉండాలి కాబట్టి కొలతను అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు. 135/62 తలం మీద లీనియేషన్ వంపు 22 డిగ్రీలు ఈశాన్యం వైపు ఉంటే, దాని దిశ సుమారు 057 రావాలి. మీకు 075 వస్తే ఏదో ఒకటి తప్పు, మళ్లీ కొలవండి.

కంపాస్ విషయంలో రెండు జాగ్రత్తలు. సుత్తి, ఫోన్, అయస్కాంతం దూరంగా ఉంచండి. మాగ్నటైట్ ఎక్కువున్న బండ అయితే కంపాస్‌ను తలానికి ఆనించకుండా, కొంచెం దూరంగా నిలబడి దిశను చూసి కొలవండి. ఫోన్ యాప్‌లు వేగంగా కొలుస్తాయి, కాదనను. కానీ రోజూ పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి అసలు కంపాస్‌తో పోల్చి చూడనిదే ఆ అంకెలు నమ్మకండి.

## 6. మడతల తరాలు విడదీయడం

ఎక్కువమంది ఇక్కడే తప్పుతారు కాబట్టి నెమ్మదిగా వెళ్దాం. పేర్లు ఇలా: తలాలకు ఎస్, మడతలకు ఎఫ్, లీనియేషన్లకు ఎల్. పక్కన అంకె తరాన్ని చెబుతుంది. అవక్షేప పొరకు ఎస్0.

ముందుగా ఒక హెచ్చరిక. నైస్‌లో (చారలున్న ముతక రూపాంతర రాయి) కనిపించే రంగు చారలు ఎస్0 కావు. ఖోండలైట్ తాకిన వేడిలో అసలు పొరలు దాదాపుగా చెరిగిపోతాయి. క్వార్ట్జైట్‌కూ ఖోండలైట్‌కూ మధ్య హద్దులాంటిది మహా అయితే పాత పొరల జాడ. చారలు మాత్రం విరూపణతో, కరిగిన ద్రవం విడిపోవడంతో వచ్చినవే.

అడుగు 1: వేరు తెగిన మడతలు వెతకండి. స్ఫుటమైన ఫోలియేషన్ లోపల చిన్న చిన్న కొక్కేల్లా, రెండు రెక్కలూ తెగిపోయి, వంపు (మడత తిరిగే చోటు) మాత్రమే మిగిలిన మడతలు ఉంటాయి. ఇవి దొరికాయంటే ఆ ఫోలియేషన్ మొదటిది కాదని అర్థం. వంపులో మడత పడింది ఎస్1, ఇప్పుడు స్ఫుటంగా ఉన్నది ఎస్2. ఇవి దొరకకపోతే స్ఫుటమైన తలానికి తాత్కాలికంగా ఎస్1 అనే రాసుకుని, పక్కన ప్రశ్నార్థకం పెట్టండి.

అడుగు 2: స్ఫుటమైన ఫోలియేషన్‌నే మడిచిన మడతలు చూడండి. వీటి అక్షతలం వెంట కొత్త ఖనిజాలు పరచుకున్నాయా? పరచుకుంటే ఆ మడత వేడి ఉండగానే పడింది. లేకుంటే రాయి చల్లబడ్డాక పడి ఉండొచ్చు. ఈ ఒక్క పరిశీలన విరూపణనూ రూపాంతరాన్నీ కలిపి కుట్టే మొదటి కుట్టు.

అడుగు 3: మడత మీద మడత. కోసిన ముఖం మీద గుండ్రటి వలయాలు కనిపిస్తే గోపురాలూ గిన్నెలూ ఏర్పడే రకం. నెలవంక లేదా పుట్టగొడుగు ఆకారం కనిపిస్తే రెండో రకం. పాత మడత కొక్కెంలా తిరిగి వంగితే మూడో రకం, అంటే రెండు మడతల అక్షాలూ దాదాపు ఒకే దిశలో ఉన్నాయి. ప్లాస్టిక్ షీట్ పరిచి మార్కర్‌తో ఆ ఆకారాన్ని నేరుగా దింపుకోండి.

గుండ్రటి వలయం చూడగానే తీర్పు చెప్పకండి. గొట్టంలా సాగిన తొడుగు మడతను అడ్డంగా కోసినా కన్ను ఆకారమే వస్తుంది. పక్కనే ఇంకో కోణంలో కోసిన ముఖం చూసి నిర్ధారించుకోవాలి.

అడుగు 4: చిన్న మడతలతో పెద్ద మడతను పట్టుకోండి. పెద్ద మడత ఒక రెక్క మీద చిన్న మడతలు ఎస్ అక్షరంలా, రెండో రెక్క మీద జెడ్‌లా, వంపు దగ్గర ఎం లేదా డబ్ల్యూలా ఉంటాయి. మడత అక్షం వాలే దిశలోకి చూస్తూ మాత్రమే ఈ ఆకారం రాయాలి. ఎదురుగా తిరిగి చూస్తే ఎస్ జెడ్ అవుతుంది. నడుస్తూ ఎస్ నుంచి జెడ్‌కు మారినచోట పెద్ద మడత వంపు దాటారన్నమాట. బండలు లేని పొలాల కింద మడత ఎక్కడ తిరిగిందో చెప్పగలిగేది ఈ పద్ధతే.

అడుగు 5: తెల్ల చారల వరుస. మిగ్మటైట్‌లోని (కొంత భాగం కరిగిన రాయి) లేత చారలు కరిగి గట్టిపడిన ద్రవం. ఫోలియేషన్‌తో పాటే మడత పడ్డ చార పాతది. మడతను కోసుకుంటూ నేరుగా పోయిన చార కొత్తది. అక్షతలం వెంట చేరిన చార, మడత పడుతున్నప్పుడే కరుగుతోందని చెబుతుంది. మూడూ ఒకే బండలో ఉంటే ఆ బండ బొమ్మను రెండో పేజీలో పెద్దగా మళ్లీ గీయండి.

ఆకారం ఒకేలా ఉందని రెండు మడతల్ని ఒకే తరానికి కట్టకండి. గట్టి క్వార్ట్జైట్‌లో వెడల్పుగా పడ్డ మడతే పక్కనున్న మెత్తటి పొరలో బిగుతుగా పడుతుంది. తరాన్ని తేల్చేది ఏది దేన్ని మడిచింది, ఏది దేన్ని కోసింది అన్న సంగతే.

## 7. షియర్ జోన్ తగిలితే

గింజలు ఉన్నట్టుండి సన్నబడి, ఫోలియేషన్ బిగుసుకుపోయి, పెద్ద ఫెల్డ్‌స్పార్‌లు కళ్లలా మిగిలితే అది మైలొనైట్. కదలిక ఏ వైపు జరిగిందో చెప్పాలంటే సరైన ముఖం కావాలి: ఫోలియేషన్‌కు లంబంగా, లీనియేషన్‌కు సమాంతరంగా ఉన్నది. వేరే ముఖం మీద చూసిన దిశ రాయకండి.

ఆ ముఖం మీద ఫెల్డ్‌స్పార్ కన్నుకు రెండు వైపులా తోకలు ఉంటాయి. సిగ్మా రకం (రెండు తోకలూ వేర్వేరు ఎత్తుల్లో ఉండే) కన్నులో పైభాగం కుడికి కదిలితే కుడి తోక పైమెట్టులో, ఎడమ తోక కిందిమెట్టులో ఉంటుంది. ఎడమకు కదిలితే దీనికి తలకిందులు. ఒక్క కన్నుతో తేల్చకండి. కనీసం పది చూసి, ఎన్ని ఎటు చెప్పాయో లెక్క రాయండి. ఎదురు చెప్పినవీ రాయండి.

షియర్ పట్టీలో గార్నెట్, పైరాక్సీన్ నిలిచి ఉన్నాయా, లేక బయోటైట్, క్లోరైట్‌గా మారాయా అన్నది తప్పక చూడండి. మారి ఉంటే ఆ కదలిక నీరు చొరబడిన తర్వాతి, చల్లటి కాలానిది.

## 8. ఖనిజాలను తలానికి కట్టడం

హ్యాండ్ లెన్స్ తీయండి. ఒక్కో ఖనిజానికి రెండే ప్రశ్నలు: ఏ తలంలో ఉంది, దాని చుట్టూ ఏముంది?

గార్నెట్‌కు:

- ఫోలియేషన్ గార్నెట్ చుట్టూ ఒదిగి వంగిపోతే, ఆ ఫోలియేషన్ కంటే గార్నెట్ ముందుది, లేదా దాంతో పాటే పెరిగింది.
- గార్నెట్ లోపల ఎస్ ఆకారపు చుక్కల వరస ఉంటే విరూపణ జరుగుతుండగా పెరిగి ఉండొచ్చు. దీన్ని థిన్ సెక్షన్‌లోనే (సూక్ష్మదర్శినిలో చూసే పల్చటి రాతి పొర) ఖాయం చేయాలి.
- ఫోలియేషన్ గార్నెట్ లోపలి నుంచి వంగకుండా నేరుగా సాగిపోతే గార్నెట్ తర్వాత పెరిగింది.
- గార్నెట్ తెల్ల చార లోపల పెద్దగా ఉంటే, అది కరిగే చర్యలో పుట్టిందని మొదటి ఊహ. బయోటైట్, సిల్లిమనైట్, క్వార్ట్జ్ కలిసి కరిగినప్పుడు గార్నెట్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, ద్రవం వస్తాయి. ఖోండలైట్ ప్రాంతాల్లో ఈ చర్యను ప్రతి బండలోనూ వెతకాలి.

సిల్లిమనైట్‌కు: సూదులు ఎస్2 మీద పరచుకున్నాయా, మడత వంపులో వంగి విరిగాయా, మడత అక్షానికి సమాంతరంగా ఉన్నాయా? వంగి విరిగితే సూదులు ముందే ఉన్నాయి, మడత ఆ తర్వాత పడింది.

ఇక వేడి అంచనా. క్లోరైట్, సన్నటి మైకా ఉన్న పలకరాయి గ్రీన్‌షిస్ట్ స్థాయి, సుమారు 300 నుంచి 500 డిగ్రీల సెల్సియస్. స్టారోలైట్, కయనైట్ ఉన్న షిస్ట్ యాంఫిబొలైట్ స్థాయి, సుమారు 500 నుంచి 700. ఆర్థోపైరాక్సీన్ ఉన్న మాఫిక్ రాయి, గార్నెట్–సిల్లిమనైట్–పొటాష్ ఫెల్డ్‌స్పార్ ఉన్న ఖోండలైట్ గ్రాన్యులైట్ స్థాయి, 700 పైన.

పాడేరు, అనకాపల్లి ప్రాంతాల్లో దొరికే సాఫిరిన్ (అరుదైన నీలి ఛాయ ఖనిజం) గ్రాన్యులైట్లు 900 డిగ్రీలు దాటిన అత్యధిక ఉష్ణ రూపాంతరానికి పేరుపొందాయి. సాఫిరిన్ క్వార్ట్జ్‌ను నేరుగా తాకుతూ ఉండటం దీనికి గట్టి సాక్ష్యం. అలాంటి నల్లటి, నీలి ఛాయ గల చిన్న ముక్కలు దొరికితే సుత్తితో ఛిన్నాభిన్నం చేయకండి. ఖనిజాల మధ్య హద్దులే అక్కడి అసలు సమాచారం.

కయనైట్, ఆండలుసైట్, సిల్లిమనైట్ మూడింటి రసాయన సూత్రం ఒకటే. మూడూ కలిసే బిందువు సుమారు 500 డిగ్రీలు, 4 కిలోబార్ల దగ్గర. అందుకే వీటిలో ఏది దొరికినా పేరు, ఆకారం, ఏ తలంలో ఉందో విడిగా రాయండి.

ఒక ఖనిజం చుట్టూ మరొకటి అంచులా కడితే దాన్ని కరోనా అంటారు. మాఫిక్ గ్రాన్యులైట్‌లో గార్నెట్ చుట్టూ ఆర్థోపైరాక్సీన్, ప్లాజియోక్లేజ్ సన్నగా అల్లుకుంటే, రాయి వేడిగా ఉండగానే ఒత్తిడి తగ్గిందని సూచన. అందుకు భిన్నంగా పైరాక్సీన్‌కూ ప్లాజియోక్లేజ్‌కూ మధ్య గార్నెట్ అంచు పుడితే, ఎక్కువసార్లు లోతు మారకుండా చల్లబడిందని అర్థం. ఈ రెండింటినీ తారుమారు చేస్తే కొండ కథ మొత్తం తిరగబడుతుంది.

## 9. నమూనా తీయడం

విరూపణ చూడాలనుకున్న నమూనాకు దిశ గుర్తు లేకపోతే అది సగం నమూనాయే. పగలగొట్టక ముందే గుర్తు పెట్టాలి:

1. రాయి మీద చదునైన ముఖం ఎంచుకుని స్ట్రైక్ గీత గీయండి.
2. దానికి లంబంగా వాలు వైపు చిన్న గీత, పక్కన డిప్ అంకె.
3. ఆ ముఖం ఆకాశం వైపు చూస్తోందా, నేల వైపు వేలాడుతోందా రాయండి.
4. నమూనా నంబరు రాయి మీద, సంచి మీద, నోట్‌బుక్‌లో మూడుచోట్లా.
5. ఫొటో తీసి, తర్వాత సుత్తి.

పిడికిలి కంటే పెద్ద ముక్క కావాలి. ముతక గింజల మిగ్మటైట్ అయితే ఇంకా పెద్దది. తెల్ల చారనూ నల్ల భాగాన్నీ విడివిడిగా, వీలుంటే హద్దుతో కలిపి కూడా తీయండి. ఏ ప్రశ్న కోసం తీశారో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం రాయలేకపోతే ఆ నమూనా మోయకండి.

## 10. సాయంత్రం చేసే పట్టిక

ఏ రోజు కొలతలు ఆ రోజే స్టీరియోనెట్ (తలాల, గీతల దిశల్ని చుక్కలుగా చూపే గుండ్రటి జాలం) మీద పెట్టండి. స్టీరియోనెట్ పేరుతోనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. సమ వైశాల్య జాలం ఎంచుకుని, ఫోలియేషన్ తలాల లంబాలను చుక్కలుగా వేయాలి. చుక్కలు ఒక వంపు పట్టీలో పరచుకుంటే, ఆ పట్టీకి లంబంగా ఉన్న దిశ మడత అక్షం. ఫీల్డ్‌లో నేరుగా కొలిచిన అక్షాలు దాని దగ్గర పడాలి.

చుక్కలు చెల్లాచెదురుగా వస్తే మొత్తం ప్రాంతాన్ని ఒకే బొమ్మలో పెట్టారని అర్థం. ఫోలియేషన్ ఒకే తీరుగా ఉన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కోదానికి వేరే బొమ్మ వేయండి.

తర్వాత పట్టిక. ఒక పక్క విరూపణ దశలు, మరో పక్క ఖనిజాలు. ఊహించిన ఒక బండకు అది ఇలా ఉండొచ్చు:

- దశ 1: ఎస్1, వేరు తెగిన మడతల్లో మాత్రమే. ఖనిజాలు: బయోటైట్, సిల్లిమనైట్.
- దశ 2: ఎస్2, స్ఫుటమైన చారలు. ఖనిజాలు: గార్నెట్, పొటాష్ ఫెల్డ్‌స్పార్, తెల్ల చారలు. కరగడం ఇక్కడే.
- దశ 3: ఎఫ్3 మడతలు, అక్షతలం వెంట కొన్ని తెల్ల చారలు. వేడి ఇంకా ఉంది.
- దశ 4: షియర్ పట్టీ, గార్నెట్ అంచుల్లో బయోటైట్. చల్లబడుతోంది.
- దశ 5: అన్నిటినీ కోస్తూ పెగ్మటైట్ (చాలా పెద్ద గింజల గ్రానైట్ లాంటి రాయి).

ఖాళీ గడి ఉంటే ఖాళీగానే వదలండి. మరుసటి రోజు ఏ బండకు వెళ్లాలో ఆ ఖాళీ చెబుతుంది.

## 11. ప్రయోగశాలకు ఇచ్చేటప్పుడు

థిన్ సెక్షన్ మందం 0.03 మిల్లీమీటర్లు. దాన్ని ఏ దిశలో కోయాలో మీరే గీత గీసి ఇవ్వాలి: ఫోలియేషన్‌కు లంబంగా, లీనియేషన్‌కు సమాంతరంగా. గీత లేకుండా ఇస్తే కోసేవారు వారికి వీలైన దిశలో కోస్తారు, తప్పు వారిది కాదు.

ఉష్ణోగ్రత లెక్కల్లో ఒక ఉచ్చు ఉంది. గార్నెట్–బయోటైట్ జంటలో ఇనుము, మెగ్నీషియం మార్పిడిని బట్టి ఉష్ణోగ్రత లెక్కిస్తారు. గ్రాన్యులైట్ అంత వేడి రాళ్లలో చల్లబడేటప్పుడు కూడా ఆ మార్పిడి సాగుతూనే ఉంటుంది. కాబట్టి లెక్కలో వచ్చేది తరచూ శిఖర ఉష్ణోగ్రత కంటే తక్కువ. గార్నెట్ మధ్య భాగం, అంచు విడివిడిగా కొలిపించండి. ఆర్థోపైరాక్సీన్‌లోని అల్యూమినియం, ఖనిజాల జంటలు ఏం చెబుతున్నాయో పక్కన పెట్టి చూడండి.

వయసు లెక్క కూడా అంతే. విశాఖ ఉన్న భాగంలో ప్రధాన రూపాంతరం సుమారు 100 నుంచి 90 కోట్ల ఏళ్ల నాటిది. దక్షిణాన ఒంగోలు వైపు భాగంలో సుమారు 160 కోట్ల ఏళ్ల నాటిది. తూర్పు కనుమల్లో కొన్నిచోట్ల సుమారు 50 కోట్ల ఏళ్ల నాటి తర్వాతి ముద్ర కూడా ఉంది. వయసు కొలవడానికి వాడే జిర్కాన్ అనే ఖనిజం గింజ ఒక్కదానిలోనే మధ్య భాగం అవక్షేపంతో కొట్టుకొచ్చిన పాత వయసును, అంచు రూపాంతరం వయసును చూపొచ్చు. అలా వాడే మరో ఖనిజం మోనజైట్ అయితే, ఏ తలంలో, ఏ ఖనిజం లోపల ఉందో చూసి కొలిపించండి. గార్నెట్ లోపల చిక్కుకున్న మోనజైట్ వయసు, షియర్ పట్టీలోని మోనజైట్ వయసు మీ పట్టికలో వేర్వేరు గడుల్లోకి వెళ్తాయి.

## 12. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

గార్నెట్ లేదు కాబట్టి వేడి తక్కువ అని రాయడం. రాయి రసాయనం గార్నెట్‌కు అనుకూలం కాకపోవచ్చు. పక్కనున్న వేరే కుటుంబపు రాయి చూసి తేల్చండి.

పగులును ఫోలియేషన్‌గా కొలవడం. తలం మీద ఖనిజాలు పరచుకుని ఉన్నాయా చూడండి. పగులు మీద ఉండవు. గ్రానైట్, చార్నొకైట్ గుట్టల మీద ఉల్లిపొరల్లా ఊడే పెచ్చులూ ఫోలియేషన్ కావు.

క్వారీ గోడ మీద కనిపించే వాలును అసలు డిప్ అనుకోవడం. గోడ స్ట్రైక్‌కు లంబంగా లేకపోతే వాలు తక్కువగా కనిపిస్తుంది. రెండు గోడలు కలిసే మూలకు వెళ్లి తలాన్నే పట్టుకుని కొలవండి.

చార్నొకైట్‌ను డోలరైట్ అనుకోవడం. డోలరైట్ డైక్ (పగులులోకి చొచ్చుకొచ్చి గట్టిపడిన నల్లటి శిలాద్రవం) సన్నటి గింజలతో, స్పష్టమైన అంచులతో ఉంటుంది. లెన్స్‌లో జిడ్డు మెరుపు గల క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ కనిపిస్తే చార్నొకైట్ వైపు ఆలోచించండి.

పక్క ఊళ్లో ఎవరో పెట్టిన ఎఫ్2ను మీ బండకు అంటగట్టడం. నంబర్లు ముందు మీ బండలో మీ సాక్ష్యంతో పెట్టండి. రెండు ప్రాంతాల పట్టికలూ పూర్తయ్యాక, మధ్యలో ఉన్న బండలన్నీ నడిచి చూసి అప్పుడు కలపండి. బండలు లేని ఖాళీ మధ్యలో ఉంటే కలపకుండా రెండు పట్టికలుగానే ఉంచండి.